ఉల్లిపొర పుంజు

తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు వచ్చి, పెరట్లోని కోళ్ళన్నిటినీ గ్యాస్ పెట్టి చంపి, సంచుల్లో మూటకట్టి ట్రక్కులో వేసుకుని వెళ్ళిన రోజున నమ్రత ఏడవలేదు. పక్కింటివాళ్ళు ఆమెది ఎంత గుండె నిబ్బరమో అనుకున్నారు. భర్త తేజేశ్వర్ షాక్‌లో ఉందనుకున్నాడు. అసలు సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. గూట్లో రెండు పెట్టలు చచ్చిపడి కనిపించిన పొద్దున, ఇది బర్డ్ ఫ్లూ ఏమోనన్న భయం పుట్టిన తర్వాత, హాట్‌లైన్‌కి ఫోన్ చెయ్యడానికి ముందు, ఒక పుంజునీ రెండు పెట్టల్నీ కుక్కల క్రేట్‌లో పెట్టి కారెక్కించింది. చాండ్లర్ ఊరికి దక్షిణంగా, ఎకరం స్థలంలో ఉంటున్న డాక్టర్ పద్మనాభం గారింట్లో దించి వచ్చింది. "మా కాలనీ HOA వాళ్ళు పుంజు కూస్తోందని గొడవ పెడుతున్నారు బాబాయిగారూ, కొన్నాళ్ళు ఉంచుకోండి" అంది. మర్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టర్, "ఈ మధ్య మీ దగ్గర్నుంచి పక్షులేమైనా బయటికి వెళ్ళాయా?" అని అడిగితే, కళ్ళలోకి చూసి, "లేదు" అంది.

ట్రక్కు వీధి మలుపు తిరిగినప్పుడు ఆమెకి కలిగింది దుఃఖం కాదు. మూడింటిని దక్కించుకున్నానన్న తృప్తి. ఆ తృప్తిని తల్చుకున్నప్పుడల్లా ఆ తర్వాత ఆమెకి తన మీద తనకే రోత పుట్టేది.

ఆ మూడూ అలాంటిలాంటి కోళ్ళు కావు. ఆరేళ్ళ కిందట చాకొలెట్ రంగు పుంజుకీ బూడిద రంగు పెట్టకీ పుట్టిన పిల్లల్లో ఒక్కటి, ఈకలు వచ్చేసరికి ఎవరూ చూడని రంగులో తేలింది. గులాబీ కాదు, ఊదా కాదు, గోధుమా కాదు. ఎండ పడితే లోపల్నుంచి వెలుగొచ్చినట్టుండేది. ఆ పిల్లని అరచేతిలో పెట్టుకుని పద్మనాభం గారి భార్య ఛాయాదేవి, "ఉల్లిపొర రంగే ఇది! చీరల కొట్లో అడిగితే ఇదే చూపిస్తారు" అంది. ఆ పేరే నిలిచిపోయింది.

పేరు నిలిచింది గానీ రంగు నిలవలేదు. తర్వాతి తరంలో మాయమైంది. మళ్ళీ తండ్రితో జత కలిపితే అక్కడొకటి, ఇక్కడొకటి వచ్చింది. వచ్చినవాటికి ఈకలు చీలికలై రాలిపోయేవి. బయట్నుంచి గట్టి జాతి పెట్టల్ని తెచ్చి కలిపి, పొదిగించి, ఎంచి, వద్దనుకున్నవాటిని పంచిపెట్టి, మళ్ళీ పొదిగించి... బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి, భర్త వీసా మీద వచ్చి, ఏళ్ళ తరబడి ఉద్యోగం లేకుండా కూర్చున్న మనిషికి ఈ దేశంలో నాదీ అని చెప్పుకోవడానికి దొరికిన పని అదొక్కటే. పోయిన వసంతంలో పుట్టిన పిల్లలన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, ఉల్లిపొర రంగులోనే వచ్చాయి. ఆ పిల్లల్లోని పుంజే ఇప్పుడు పద్మనాభం గారింట్లో ఉన్నది. అది పోతే రంగు పోతుంది.

శనివారం మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, నీ పెట్ట ఒకటి నిన్నట్నుంచి మేత ముట్టట్లేదు. వీలైతే ఒకసారి వచ్చి చూస్తావా?"

మామూలు గొంతే. నమ్రత అప్పటికే కారు తాళాలు అందుకుంది. "వస్తున్నా బాబాయిగారూ" అంది.

*

వాళ్ళ డ్రైవ్‌వేలో కారాపి, ఇంజన్ ఆపకుండా కాసేపు అలాగే కూర్చుంది. పక్క సీట్లో మాస్కుల డబ్బా, గ్లవ్స్. ఇన్‌స్పెక్టర్లు వదిలి వెళ్ళినవి. రోజూ కౌంటీ హెల్త్ వాళ్ళు మెసేజ్ పెడుతున్నారు, జ్వరం ఉందా, దగ్గు ఉందా, కళ్ళు ఎర్రబడ్డాయా అని. లేదు, లేదు, లేదు అని జవాబిస్తోంది. తనకి నిజంగానే ఏమీ లేదు.

మాస్క్ పెట్టుకుని వెళ్తే, ఎందుకని అడుగుతారు. పెట్టుకోకుండా వెళ్తే, తనకే అంటుకోవచ్చు. మాస్క్ చేతిలో ఉండచుట్టుకుని దిగింది. అప్పటికి కూడా ఆమె మనసులో ఉన్నది నిజం చెప్పాలని కాదు. కోళ్ళని తీసుకుని, ఏదో ఒకటి చెప్పి, చేతులు బాగా కడుక్కోమని ఇద్దర్నీ హెచ్చరించి వెళ్ళిపోదామని. వెళ్ళి ఏం చెయ్యాలో తర్వాత ఆలోచించుకోవచ్చు.

ఇంటి పక్కనున్న గేటు తీసుకుని వెనక్కి నడిచింది. గ్రేప్‌ఫ్రూట్ చెట్టు కింద, గోడవారగా, ఏదో టవల్ కప్పి ఉంది. టవల్ అంచు కింద్నుంచి పసుపుపచ్చ కాలు ఒకటి బయటికి కనిపిస్తోంది.

పాటియో మీద, చలికాలపు ఎండలో, ఛాయాదేవి వాలుకుర్చీలో కూర్చుని ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పక్కన స్టూల్ మీద చప్పుడు చేస్తూ చిన్న మెషీన్. ఆవిడ ఊపిరితిత్తులు గట్టిపడుతూ వస్తున్న సంగతి నమ్రతకి రెండేళ్ళుగా తెలుసు. ఆవిడని డాక్టర్ దగ్గరికి ఎన్నోసార్లు తనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది.

ఆవిడ ఒళ్ళో శాలువా. శాలువాలో పెట్ట. దాని ముక్కుకి దగ్గరగా వంగి, మందు వేసే డ్రాపర్‌తో నీళ్ళు పడుతోంది.

"రావే రా. చూడు మీ పిల్ల నా దగ్గరికొచ్చి ఎలా గారాలు పోతోందో. పొద్దున్నుంచి ఒడి దిగనంటోంది" అంది ఛాయాదేవి. తర్వాత గొంతు తగ్గించి, "మా సొంత పెట్ట బుజ్జి పొద్దున పోయిందే. రాత్రి బాగానే ఉంది. ఆయన టవల్ కప్పారు, సాయంత్రం పూడుద్దామన్నారు" అంది.

నమ్రత చూపు పెట్ట మీదే ఉంది. జుట్టు నల్లగా, నేరేడుపండులా మారిపోయింది. కళ్ళ చుట్టూ వాపు. ఎండలో మెరవాల్సిన ఈకలు నానిన కాగితంలా ఉన్నాయి. తన పెరట్లో మొదటి రెండూ సరిగ్గా ఇలాగే పోయాయి.

"పిన్నిగారూ, దాన్ని కిందికి దించండి."

"నిద్రపోతోందే పాపం, కదిలించకు."

"దించండి పిన్నీ!"

ఆ అరుపుకి ఛాయాదేవి చేతిలో డ్రాపర్ జారి పడింది. ఎప్పుడూ గొంతెత్తని నమ్రత. లోపల్నుంచి పద్మనాభం గారు గబగబా బయటికి వచ్చారు. పొడుగాటి మనిషి, ఎనభైకి దగ్గర పడుతున్నా నడుం వంగలేదు. ఆయన ఎడమ కన్ను ఎర్రగా, మంకెనపువ్వులా ఉంది.

ఆ కన్ను చూశాక ఇక అబద్ధం చెప్పడానికి ఏదీ మిగల్లేదు.

"బాబాయిగారూ..." నమ్రత వెనక్కి ఒక అడుగు వేసింది. "అది మామూలు జబ్బు కాదు. మా ఇంట్లో కోళ్ళన్నీ పోయాయి. అన్నీ. బర్డ్ ఫ్లూ."

ఆక్సిజన్ మెషీన్ తన పని తను చేసుకుపోతోంది.

పద్మనాభం గారు ముందుగా అడిగింది, "ఎప్పుడు?"

"పోయిన వారం. స్టేట్ వాళ్ళు వచ్చి టెస్ట్ చేసి, మిగతావాటిని..."

"నువ్వు వీటిని మా దగ్గర పెట్టక ముందా, పెట్టాకా?"

"పెట్టిన మర్నాడు వచ్చారు."

ఆయన తల ఊపారు. ఛాతీ వైద్యంలో ఒక జీవితం గడిపిన మనిషి. ఇప్పుడు మాట్లాడుతున్నది బాబాయి కాదని, రోగి చరిత్ర అడుగుతున్న డాక్టరని నమ్రతకి తెలుస్తూనే ఉంది.

"వీటిని ఇక్కడికి తెచ్చేనాటికి మీ ఇంట్లో ఎన్ని చచ్చిపోయాయి?"

"రెండు."

"జుట్టు నల్లబడిందా?"

"నల్లబడింది."

"అయితే నీకు తెలుసు."

"తెలుసని కాదు బాబాయిగారూ, అనుమానం. టెస్ట్ రిజల్ట్ అప్పటికింకా..."

"అనుమానం ఉందా, లేదా అమ్మాయ్?"

నమ్రత చేతిలోని మాస్క్ పూర్తిగా నలిగిపోయింది. "ఉంది" అంది.

ఛాయాదేవి అప్పటికీ పెట్టని దించలేదు. ఆవిడ చెయ్యి దాని వీపు మీద అలాగే ఉండిపోయింది. నమ్రతనే చూస్తోంది. కోపంగా కాదు. ఏదో గుర్తు చేసుకుంటున్న మనిషిలా.

"అందుకేనా," అంది నెమ్మదిగా, "ఆ రోజు నన్ను షెడ్డు వైపు రావద్దన్నావు? 'చలిగా ఉంది పిన్నీ, మీరు లోపలే ఉండండి, బాబాయిగారు మేత వేస్తార్లే' అన్నావు. ఎంత ప్రేమో అనుకున్నాను. ఆయనతో కూడా చెప్పాను, కన్నకూతురైనా ఇంత చూసుకోదని."

అరిచి తిట్టి ఉంటే నమ్రత నిలబడగలిగేది. ఆ మాటకి నిలబడలేక పాటియో మెట్టు మీద కూలబడింది.

"మీరు వాటి దగ్గరికి వెళ్ళరనుకున్నాను పిన్నీ. షెడ్డు దూరం కదా, మీరంత దూరం నడవలేరు కదా అని... నాకు నేనే చెప్పుకున్నాను. దేవుడి తోడు, మీకేదో అవ్వాలని కాదు."

"నేను కోళ్ళ దగ్గరికి వెళ్ళకుండా ఉంటాననుకున్నావా? ఈ రంగుకి పేరు పెట్టిందెవరే?" అంది ఛాయాదేవి. నవ్వబోయింది గానీ దగ్గు అడ్డొచ్చింది. పొడి దగ్గు. ఆగలేదు. దగ్గు ఆగేదాకా నమ్రత తల ఎత్తలేదు.

*

పద్మనాభం గారు లోపలికి వెళ్ళి గ్లవ్స్, మాస్క్ వేసుకొచ్చారు. భార్య ఒడిలోంచి పెట్టని శాలువాతో సహా తీసి క్రేట్‌లో పెట్టారు. రెండో పెట్టని కూడా షెడ్డులోంచి తెచ్చి అందులోనే వేశారు. అదింకా నిలబడగలుగుతోంది గానీ ముక్కు వెంట నీళ్ళు. తర్వాత ఛాయాదేవికి చేతులు, మొహం కడిగించి, థర్మామీటర్ పెట్టి, వేలికి ఆక్సిమీటర్ తగిలించారు. అందులో అంకె చూసి, ఆవిడకి కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఆక్సిజన్ మెషీన్ మీద ఒక బటన్ నొక్కి పెంచారు.

"ఎంతుంది?" అంది ఛాయాదేవి.

"బాగానే ఉంది. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది, ఎండలో కూర్చున్నావుగా."

అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

"మీ కన్ను బాబాయిగారూ..." అంది నమ్రత.

"దుమ్మనుకున్నాను." ఆయన మొదటిసారి ఆమె వైపు తిరిగారు. "ఇంత డాక్టరీ చేసి, పొద్దున అద్దంలో చూసుకుని దుమ్మనుకున్నాను. ఎందుకంటే ఆ కోళ్ళు నువ్వు తెచ్చినవి. నువ్వు తెచ్చినవాటిలో జబ్బుంటుందని నాకు తట్టలేదు." గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేశారు. "ఫోన్ చెయ్యాలి. వెంటనే మందు మొదలుపెడితే ఛాయకి మంచిది. నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

"ఒక్క నిమిషం బాబాయిగారూ. తేజకి చెప్పి..."

ఆయన గేటు వైపు చెయ్యి చూపించారు.

నమ్రత గేటు అవతలికి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది. తేజేశ్వర్ చిప్ ఫ్యాక్టరీలో వీకెండ్ షిఫ్ట్‌లో ఉన్నాడు. ఆమె ఏడుస్తూ, తొందర తొందరగా, ముందు వెనకలు లేకుండా అంతా చెప్పింది.

"ఫెడరల్ వాళ్ళు కూడా ఉన్నారు కదా ఆ రోజు" అన్నాడతను. "వాళ్ళకి అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

"నమ్రతా! మన గ్రీన్ కార్డ్ ఫైల్ ఇన్నాళ్ళకి కదిలింది. ఇంటర్వ్యూ ఎప్పుడైనా రావచ్చు. గవర్నమెంట్ ఆఫీసర్‌కి ఫాల్స్ స్టేట్‌మెంట్ ఇస్తే ఏమవుతుందో తెలుసా నీకు? నీ ఒక్కదానికి కాదు, నాకూ..." ఆగాడు. అతనేం చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. "విను. డాక్టర్ గారు వాళ్ళు సిటిజన్స్. వాళ్ళింట్లోనే ఉన్నాయి కదా కోళ్ళు. వాళ్ళవే అని చెప్పమను. ఎక్కడో కొన్నామంటే సరిపోతుంది. వాళ్ళనెవరూ ఏమీ అనరు. ట్రీట్‌మెంట్ ఎలాగూ అందుతుంది. ఎవరికీ నష్టం లేదు."

"నేనెలా అడగను తేజా? ఏ మొహం పెట్టుకుని?"

"అడుగు. ప్లీజ్."

ఫోన్ పెట్టేసి ఆమె వెనక్కి వచ్చింది. అడగకూడదని నిశ్చయించుకునే వచ్చింది. కానీ ఆమె మొహం చూడగానే ఛాయాదేవి, "తేజ ఏమన్నాడు? మీ గ్రీన్ కార్డ్ సంగతా?" అంది. ఎప్పుడో వలస వచ్చి స్థిరపడ్డ మనిషి కళ్ళు అవి. ఈ దేశంలో ఒక మనిషి అంతలా పాలిపోయేది ఎందుకో ఆవిడకి తెలుసు.

నమ్రత తల దించుకుంది.

"మావే అని చెబుదాం లెండి" అంది ఛాయాదేవి భర్తతో.

"ఛాయా!"

"ఏమైందండీ? ఆ పిల్ల మనల్ని మోసం చేసింది. నాకు బాధగానే ఉంది, లేదనను. అంతమాత్రాన ఈ వయసులో వాళ్ళిద్దర్నీ పెట్టెలు సర్దుకోమందామా? మన కోళ్ళు, మనకే జబ్బు. మనల్నేం చేస్తారు?" నమ్రత వైపు తిరిగి, "ఫోన్ కలిపి నాకివ్వు" అంది.

వద్దు అనాలి. నమ్రతకి తెలుసు, ఆ క్షణంలో నోరు తెరిచి వద్దు అనాలి. కానీ భర్త గొంతు చెవిలో మోగుతూనే ఉంది. ఆమె కౌంటీ హెల్త్ నంబర్ కలిపి, స్పీకర్ నొక్కి, ఫోన్‌ని ఛాయాదేవి చేతికిచ్చింది. పద్మనాభం గారు ఆమెకేసి చూసిన చూపుని తప్పించుకోవడానికి క్రేట్ వైపు తిరిగింది. శాలువాలోని పెట్ట ఒక పక్కకి ఒరిగిపోయింది. కదలడం లేదు.

అవతల ఎత్తినావిడ గొంతు నెమ్మదిగా, ఓపికగా ఉంది. ఛాయాదేవి తన వయసు, జబ్బు, దగ్గు, ఇంట్లో కోడి చనిపోయిన సంగతి అన్నీ ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. జబ్బు పడిన కోళ్ళు ఎక్కడివని అడిగితే, "మావే. ఈ మధ్య కొన్నాం" అంది.

"ఎవరి దగ్గర కొన్నారు మామ్?"

"ఇక్కడే, దగ్గర్లోనే. రోడ్డు పక్కన అమ్ముతారు కదా, అలా."

"ఏ రోడ్డు? మీకు ఎంత గుర్తుంటే అంత చెప్పండి. ఈ సాయంత్రమే అక్కడికి టీమ్‌ని పంపిస్తాం. వాళ్ళ దగ్గర ఇంకా పక్షులుంటే వాటన్నిటినీ..." ఆవిడ వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఛాయాదేవి ఆగిపోయింది. ఇంత దూరం ఆవిడ ఆలోచించలేదు. తనకి తెలిసిన రోడ్డు పేరు ఏది చెప్పినా, అక్కడ కోళ్ళు పెంచుకునేవాళ్ళ ఇంటి ముందు సాయంత్రానికి తెల్ల సూట్లవాళ్ళు దిగుతారు. ఆవిడ నిస్సహాయంగా తలెత్తి నమ్రతని చూసింది. ఊపిరి అందక పెదాలు కొంచెం నీలంగా ఉన్నాయి.

ఆ మొహం చూసి నమ్రత ముందుకి వచ్చి ఫోన్ తీసుకుంది.

"అవి నావి" అంది. "నా పేరు నమ్రత. పోయిన వారం మా ఇంట్లో పాజిటివ్ వచ్చింది. మీ దగ్గర నా కేసు ఉంటుంది, రోజూ నాకు మెసేజ్ పెడుతున్నారు. మీ వాళ్ళు రావడానికి ముందే నేను కోళ్ళని దాచి, వీళ్ళకి చెప్పకుండా ఇక్కడ పెట్టాను. పక్షులేవీ బయటికి వెళ్ళలేదని అబద్ధం చెప్పాను. వీళ్ళకేం తెలియదు. వీళ్ళ తప్పు ఏమీ లేదు."

చెప్పేసింది. తేలికపడుతుందేమో అనుకుంది. తేలికేమీ పడలేదు. ఛాయాదేవి చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. వేళ్ళు నిజంగానే వేడిగా ఉన్నాయి.

అవతలావిడ తిట్టలేదు. కీబోర్డ్ చప్పుడు వినిపించింది. "థాంక్యూ నమ్రతా. అంబులెన్స్ పంపిస్తున్నాం, మీరు ముగ్గురూ అక్కడే ఉండండి. వచ్చేవాళ్ళు పూర్తి ప్రొటెక్షన్‌లో ఉంటారు, కంగారుపడకండి. మందు ఈ రోజే మొదలుపెడతాం. మొత్తం ఎన్ని పక్షుల్ని తరలించారు?"

"మూడు. ఒక పుంజు, రెండు పెట్టలు."

"మూడూ ఇప్పుడు మీ కళ్ళ ముందే ఉన్నాయా?"

నమ్రత క్రేట్ వైపు చూసింది. రెండు. షెడ్డు వైపు చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది.

"బాబాయిగారూ, పుంజు ఎక్కడ?"

పద్మనాభం గారు భార్య వైపు చూశారు. ఛాయాదేవి నమ్రత మణికట్టు వదిలేసింది.

"నీకు చెప్పకూడదనుకున్నాం. సర్‌ప్రైజ్ అని..." అంది. "ఈ వీకెండ్ పౌల్ట్రీ షో ఉందిగా. నువ్వు ఎప్పుడో ఎంట్రీ కట్టావు. ఈ HOA గొడవల్లో నీకు మనసు బాగోలేదేమో, తీసుకెళ్ళవేమో అనిపించింది. ఇన్నేళ్ళు కష్టపడింది దేనికి అని నేనే ఆయన్ని పోరాను. నిన్న పొద్దున దానికి బాత్‌టబ్‌లో స్నానం చేయించాను. షోకి తీసుకెళ్ళేవి శుభ్రంగా ఉండాలిగా. కూర్చోబెట్టి, నెమ్మదిగా, హెయిర్ డ్రైయర్ పెట్టి ఆరబెట్టాను. ఒక్కొక్క ఈకా ఎంత బాగా విచ్చుకుందో తెలుసా..."

ఆ బాత్రూమ్ నమ్రత కళ్ళ ముందు కనిపించింది. మూసిన తలుపు, వేడి గాలి, గాలిలో ఎగిరే సన్నటి నూగు, దాని మధ్యలో ముక్కుకి గొట్టం పెట్టుకుని నవ్వుతూ కూర్చున్న ఛాయాదేవి.

"నిన్న సాయంత్రం ఫెయిర్‌గ్రౌండ్స్‌లో దింపి వచ్చాను" అన్నారు పద్మనాభం గారు. "బాగానే ఉందమ్మా అది. దానికేమీ లేదు. కూసింది కూడా."

స్పీకర్లో అవతలావిడకి ఈ తెలుగు ఏమీ అర్థం కాలేదు. "నమ్రతా? మూడో పక్షి ఎక్కడుంది?" అని అడుగుతూనే ఉంది.

పౌల్ట్రీ షో అంటే ఏమిటో నమ్రతకి తెలుసు. రేకుల కప్పు కింద వరస తర్వాత వరస పంజరాలు. న్యూ మెక్సికో నుంచి, యూటా నుంచి రాత్రంతా డ్రైవ్ చేసుకుని వచ్చినవాళ్ళు. తనలాగే పెరట్లో ఏళ్ళ తరబడి ఒక రంగు కోసమో, ఒక తోక కోసమో పొదిగించి, ఎంచుకుని, తమ దగ్గరున్న ఒకే ఒక్క జతని తెచ్చి అక్కడ పెట్టినవాళ్ళు. జడ్జి ఒక్కొక్క పక్షినీ చేతుల్లోకి తీసుకుంటాడు, రెక్క విప్పి చూస్తాడు, దించి, అవే చేతులతో పక్క పంజరం తెరుస్తాడు. పిల్లలు కడ్డీల మధ్యలోంచి వేళ్ళు పెడతారు. రేపు సాయంత్రం పక్షులన్నీ తెచ్చినవాళ్ళతో తలో ఊరికీ వెళ్ళిపోతాయి.

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అదే సమయానికి చేతిలో ఫోన్ టింగుమంది. స్క్రీన్ మీద షో సెక్రటరీ పేరు.

ఫొటో ఒకటి వచ్చింది. ఎండు గడ్డి పరిచిన ఎత్తైన బల్ల మీద తన పుంజు, మెడ చాచి, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంది. హాల్లోని లైట్లకి ఆ రంగు ఆమె కూడా ఎన్నడూ చూడనంత అందంగా వెలుగుతోంది. పక్కన నీలం రిబ్బన్. చుట్టూ ఫోన్లు ఎత్తి పట్టుకున్న మనుషులు, ముందు వరసలో పిల్లలు. ఒక చిన్నపాప అరచెయ్యి దాని వీపు మీద ఉంది.

కింద మెసేజ్. "కంగ్రాట్స్ నమ్రతా! కొత్త రంగుల్లో మీదే ఫస్ట్. జడ్జి గారు దాన్ని కింద పెట్టడం లేదు. ఈ రంగు పేరేమిటని అందరూ అడుగుతున్నారు. ఎక్కడున్నారు మీరు?"